రిజిస్టర్లో మొదటి ప్రశ్న

(సంస్థ త్రైమాసిక సమావేశంలో, 'ఈమధ్య నాకు నచ్చిన నవలలు, సీరియళ్ళు' అనే అంశం మీద ఒక సీనియర్ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడమని ఫోన్ చేసినప్పుడు నేను రెండుసార్లు అడిగాను, "నిజంగా దీని గురించేనా?" అని. గృహహింస చట్టం గురించో, కుటుంబ న్యాయస్థానాల గురించో మాట్లాడమంటే నోట్సు సిద్ధంగా వుంటుంది. "నీకు ఏది చదివితే ఆనందం కలిగింది, రాత్రి నిద్ర మానుకుని ఏం చూశావు?" అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మనకి మనమూ అడుక్కోలేదు. కార్యకర్త అంటే నివేదికలు చదవాలి, తీర్పులు చదవాలి, కరపత్రాలు రాయాలి. నవల చదవడం, సీరియల్ చూడడం ఏదో దొంగతనంగా చేసే పనిలా మిగిలిపోయింది.

నిజానికి మనలో చాలామందికి చదువు అలవాటైందే దొంగతనంగా. నా చిన్నప్పుడు మా ఇంట్లో వారపత్రిక వస్తే మా నాన్నగారు చదివాకే మాకు. సీరియల్ పేజీలు చింపి దాచుకుని, కుట్టించుకుని, నలుగురం పంచుకుని చదివేవాళ్ళం. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు అలాగే చదివాను. తరవాత సంఘంలోకి వచ్చాక ఆ నవలల్ని ఎంత గట్టిగా విమర్శించానో నాకే గుర్తుంది. కారున్న కథానాయకుడి కోసం ఎదురుచూడటం నేర్పాయని ఉపన్యాసాలిచ్చాను. ఆ విమర్శ తప్పని ఇప్పుడూ అనను. కాని వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఒక ఆడపిల్ల తనకోసం తాను గడిపిన ఆ గంట సంగతి నేనెప్పుడూ ఉపన్యాసంలో చెప్పలేదు. తరవాత రంగనాయకమ్మ గారి 'జానకి విముక్తి', ఓల్గా గారి 'స్వేచ్ఛ' చేతికొచ్చినప్పుడు నేను వాటిని పట్టుకోగలిగానంటే, అంతకుముందు ఆ చింపిన పేజీలతో చదవడం అలవాటై వుండటం వల్లనే.

ఇప్పుడు పేజీల స్థానంలో ఫోనొచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అందరూ పడుకున్నాక చూస్తున్నాం. కాబట్టి ఈమధ్య నాకు నచ్చినవి నాలుగు చెప్తాను. ఎందుకు నచ్చాయో చెప్తాను. అందులో రెండు నన్ను ఎక్కడ పట్టుకుని నిలదీశాయో కూడా చెప్పాలి. అది చెప్పడానికే వచ్చాను.

మొదటిది 'మెయిడ్'. నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో వచ్చిన పది ఎపిసోడ్ల సిరీస్. స్టెఫనీ లాండ్ అనే అమెరికన్ రచయిత్రి ఇళ్ళలో పాచిపని చేసుకుంటూ కూతుర్ని పెంచిన తన అనుభవాన్ని 2019లో పుస్తకంగా ప్రచురించింది. దాని ఆధారంగా తీశారు. కథలో అమ్మాయి పేరు అలెక్స్. ఒక అర్ధరాత్రి రెండేళ్ళు దాటిన కూతుర్ని చంకనేసుకుని ఇంట్లోంచి బయటపడుతుంది. భర్తలా కలిసి బతుకుతున్న షాన్ తాగి, వస్తువులు విసిరి పగలగొట్టాడు. పాప జుట్టులో గాజుపెంకులు చిక్కుకున్నాయి. అతను అలెక్స్ మీద చెయ్యి చేసుకోలేదు. కథంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. సహాయం కోసం వెళ్ళిన ఆఫీసులో, పోలీసులకి ఫిర్యాదు చేశావా, దెబ్బలున్నాయా అని అడుగుతారు. లేవు. నేను హింస పడుతున్నానని చెప్పుకోవడానికి ఆమెకే నోరు రాదు. నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళ చోటు తను ఆక్రమిస్తున్నానేమో అనుకుంటుంది.

ఈ సిరీస్‌లో నాకు బాగా నచ్చింది డబ్బు లెక్క. ఆమె దగ్గర ఎంత వుందో తెర మీద అంకెలు కనబడుతుంటాయి. పెట్రోలు పోయించుకుంటే ఇంత తగ్గింది, సబ్బు కొంటే ఇంత, పాపకి తిండి కొంటే ఇంత. అంకె దిగిపోతూ వుంటే మన గుండె దిగిపోతుంది. పిల్లని చూసుకునే కేంద్రంలో చోటు కావాలంటే ఉద్యోగం వున్నట్టు కాగితం చూపించాలి. ఉద్యోగం చెయ్యాలంటే ముందు పిల్లని ఎక్కడో పెట్టాలి. రేషన్ కార్డు కోసం, ఒంటరి మహిళ పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళతో నడిచిన మనకి ఇది అమెరికా కథ అనిపించదు. ఆ కౌంటరు, ఆ ఫారం, 'రేపు రా' అనే మాట మనకి తెలిసినవే.

ఇంకో విషయం. అలెక్స్ మధ్యలో షాన్ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. షెల్టర్‌లో ఆమెకి ధైర్యం నూరిపోసిన డానియెల్ అనే అమ్మాయి అంతకుముందే తనని హింసించినవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. అలెక్స్ మళ్ళీ ఆ ఇంట్లో చిక్కుకున్నప్పుడు సోఫా ఆమెని లోపలికి మింగేస్తున్నట్టు చూపించారు. మన కేంద్రాలకి వచ్చి, మనం నానా తిప్పలు పడి చోటు చూపించాక, వారం తిరక్కుండా భర్త దగ్గరికి వెళ్ళిపోయిన ఆడవాళ్ళ గురించి మనలో మనం ఏమనుకుంటామో మీకు తెలుసు. "ఇంత చేస్తే చివరికి అక్కడికే పోయింది" అంటాం. ఆ సోఫా చూశాక ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది.

లోపాలు లేవని కాదు. డబ్బున్న యజమానురాలు చివరికి మంచి మనిషిగా మారిపోవడం, అలెక్స్‌కి రచనలో చదువుకోవడానికి దారి దొరికి ఊరు విడిచి వెళ్ళడం కొంచెం సులువుగా జరిగిపోయినట్టు అనిపించింది. రాయడం వచ్చిన అలెక్స్ బయటపడింది. రాయడం రాని డానియెల్ సంగతేమిటి? సిరీస్ అక్కడ ఆగదు. మనం మాత్రం ఆగాలి.

ఇప్పుడు నా సంగతి. 2011లో నేనొక కౌన్సెలింగ్ కేంద్రంలో కూర్చునేదాన్ని. ఒకావిడ చంటిపిల్లతో వచ్చింది. నేను వేసిన మొదటి ప్రశ్న, "కొట్టాడామ్మా?" అని. "లేదండీ" అంది. ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోతాడనీ, పుట్టింటికి ఫోన్ చెయ్యనివ్వడనీ, ఉప్పుకి కూడా లెక్క అడుగుతాడనీ, కోపం వస్తే అన్నం కంచం గోడకేసి కొడతాడనీ చెప్పింది. నేను రిజిస్టర్లో 'శారీరక హింస లేదు' అని రాసి, ఈసారి ఆయన్నీ తీసుకురా, ఇద్దరితో మాట్లాడదాం అని పంపేశాను. ఆమె మళ్ళీ రాలేదు.

అప్పటికి చట్టం లేదా? వుంది. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. మూడో సెక్షన్‌లో శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా పెట్టే హింస, ఆర్థిక హింస అని విడివిడిగా రాసి వుంది. పదిహేడో సెక్షన్ ఆ ఇంట్లో వుండే హక్కు ఇస్తోంది. ఈ సెక్షన్ల మీద నేను ఊరూరా తిరిగి శిక్షణ ఇచ్చాను. గోడల మీద రాయించాను. అయినా నా ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చిన ప్రశ్న 'కొట్టాడా' అనే. చట్టం నా నోటిదాకా రాలేదు. పదేళ్ళ తరవాత, అర్ధరాత్రి ఫోన్లో ఒక సిరీస్ చూస్తుంటే, ఆఫీసు కౌంటర్లో అలెక్స్ ముందు కూర్చున్న ఆవిడలో నన్ను నేను చూసుకున్నాను.

రెండోది 'అన్‌బిలీవబుల్'. ఇది 2019లో వచ్చిన ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్. నిజంగా జరిగిన కేసు మీద అమెరికన్ పాత్రికేయులు రాసిన వ్యాసం దీనికి ఆధారం. ఆ వ్యాసానికి 2016లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 2008లో వాషింగ్టన్ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తనమీద అత్యాచారం జరిగిందని పోలీసులకి చెప్పింది. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఒకసారి చెప్పినదానికీ ఇంకోసారి చెప్పినదానికీ తేడా వుందన్నారు. పెంచినవాళ్ళకి కూడా అనుమానం వచ్చింది. చివరికి ఆ పిల్ల విసిగిపోయి "ఏమీ జరగలేదు" అని రాసిచ్చింది. తప్పుడు ఫిర్యాదు చేసిందని ఆమె మీదే కేసు పెట్టారు. మూడేళ్ళ తరవాత కొలరాడోలో ఇద్దరు మహిళా డిటెక్టివులు నేరస్థుణ్ణి పట్టుకుంటే, అతని దగ్గర ఈ అమ్మాయి ఫొటో దొరికింది.

ఇందులో నేరాన్ని ఉత్సుకత కోసం చూపించలేదు. బాధితురాలితో డిటెక్టివు మాట్లాడే తీరు చూడండి. ఎక్కడ కూర్చుంటే బావుంటుందో అడుగుతుంది. నమూనా తీసుకోవడానికి బుగ్గ మీద దూది పెట్టేముందు కూడా అనుమతి అడుగుతుంది. కొత్తగా చేరిన కార్యకర్తలకి శిక్షణలో ఆ ఒక్క దృశ్యం చూపిస్తే చాలు.

ఇది చూస్తున్నంతసేపూ నాకు 1978 నాటి హైదరాబాదు గుర్తొచ్చింది. రమీజాబీ మీద పోలీసు స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. కాని విచారణ పొడుగునా ఆమె ఎలాంటిది, ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది అన్నదే చర్చ అయింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారింది. నిందితులు విడుదలయ్యారు. చట్టాలు ఆ తరవాత 1983లో మారాయి, 2013లో మారాయి, 2024 జులై నుంచి కొత్త సంహితలొచ్చాయి. 'ఈమె చెప్పేది నిజమేనా' అన్న మొదటి చూపు మాత్రం ఎంతవరకు మారిందో స్టేషన్ల చుట్టూ తిరిగే మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది మన దేశానిదే. 'దహాడ్', అంటే గర్జన. 2023లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. రీమా కాగ్తీ, జోయా అఖ్తర్ కలిసి తయారుచేశారు. రాజస్థాన్‌లో ఒక చిన్న పట్టణం. అంజలి భాటీ అనే దళిత మహిళా ఎస్సై. తండ్రి వాళ్ళ ఇంటిపేరు మేఘ్‌వాల్‌ని మార్చాడు. అయినా ఆమె నడిచి వెళ్తుంటే స్టేషన్లోనే ఒకతను అగరొత్తి వెలిగిస్తాడు. ఆ దృశ్యానికి మాటల్లేవు. అంటరానితనం గురించి అంత క్లుప్తంగా చెప్పిన దృశ్యం నేను ఈమధ్య చూడలేదు.

కథేమిటంటే, కట్నం ఇచ్చుకోలేక పెళ్ళి ఆలస్యమైన పేద అమ్మాయిలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. తరవాత పెళ్ళికూతురి బట్టల్లో, ఎక్కడో బస్టాండు దగ్గర మరుగుదొడ్లో శవమై కనబడతారు. దీనికి కర్ణాటకలో 'సయనైడ్ మోహన్' అని పేరుపడ్డ బడిపంతులి నేరాలతో పోలికలున్నాయి. హంతకుడెవరో మనకి మొదట్లోనే తెలిసిపోతుంది. కాబట్టి 'ఎవరు' అన్నది ప్రశ్న కాదు. ఇంతమంది పోతే ఎందుకు ఎవరూ వెతకలేదన్నదే ప్రశ్న. దానికి జవాబు మనందరికీ తెలిసిన ఒక్క మాట: 'లేచిపోయింది.'

ఆ మాట ఎంత పని చేస్తుందో ఆలోచించండి. ఆ మాటతో పోలీసులకి కేసు ముగుస్తుంది. తండ్రికి ఇక కట్నం బాధ వుండదు. అన్నదమ్ములకి పరువు పోయిందన్న కోపం మిగులుతుంది, వెతకాలన్న ఆలోచన రాదు. ఊరికి కాలక్షేపం దొరుకుతుంది. ఆ అమ్మాయి బతికుందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. సిరీస్‌లో ఒక పేదవాడు తన తోబుట్టువు కోసం స్టేషన్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ పట్టించుకోరు. అదే సమయంలో పెద్ద కులం అమ్మాయి ముస్లిం అబ్బాయితో వెళ్ళిపోతే ఊరంతా కదులుతుంది. అది చూసి అతను కూడా తమ పిల్లని ముస్లిమే తీసుకుపోయాడని చెప్పడం మొదలుపెడతాడు. ఏ ఆడదాని కోసం సమాజం కదులుతుంది, ఎవరి కోసం కదలదు అన్నది ఇంతకంటే బాగా చెప్పగలమా?

చివర్లో అంజలి తన పాత ఇంటిపేరు మేఘ్‌వాల్‌ని తిరిగి పెట్టుకుంటుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కాని ఒక మాట. దళిత స్త్రీ కథలు ఇతరులు రాసి, ఇతరులు తీసి, ఇతరులు నటిస్తే సరిపోతుందా అన్న ప్రశ్న మన దళిత రచయిత్రులు ఎప్పటినుంచో వేస్తున్నారు. గోగు శ్యామల గారు, జూపాక సుభద్ర గారు రాసిన కథలు మన దగ్గరున్నాయి. ఆ కథల్ని సిరీస్‌లుగా తీసే అవకాశం ఎవరి చేతుల్లో వుంది? నచ్చింది కాబట్టే అడుగుతున్నాను.

చివరిగా ఒక నవల. దీన్ని చివరికి వుంచుకున్నది కావాలనే. దక్షిణ కొరియా రచయిత్రి చో నామ్‌జూ 2016లో రాసిన 'కిమ్ జీయంగ్, బార్న్ 1982'. నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. చిన్న పుస్తకం. వాళ్ళ దేశంలో పది లక్షలకి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. 2019లో సినిమా కూడా వచ్చింది. ఆ పుస్తకం చదివానని చెప్పినందుకు ఒక గాయని ఫొటోలు మగ అభిమానులు తగలబెట్టారు. అంత కోపం రావడానికి పుస్తకంలో ఏముందంటే, ఏమీ లేదు. కిమ్ జీయంగ్ అనే అతి సాధారణమైన ఆడదాని జీవితం వుంది. కొరియాలో ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లల్లో అది చాలా మామూలు పేరట. మన లక్ష్మి, మన పద్మ అన్నట్టు.

తమ్ముడి పాలపొడి చిటికెడు నోట్లో వేసుకుంటే నాయనమ్మ వీపు మీద కొడుతుంది. బళ్ళో మగపిల్లలకి ముందు నంబర్లు, భోజనానికి వాళ్ళదే ముందు వరస. ట్యూషన్ నుంచి వస్తుంటే ఒక అబ్బాయి వెంటపడితే, తండ్రి కూతుర్నే తిడతాడు. వాళ్ళమ్మ తన వయసులో ఫ్యాక్టరీల్లో పనిచేసి అన్నదమ్ముల్ని చదివించింది. జీయంగ్ చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, పెళ్ళి, బిడ్డ, ఉద్యోగం మానడం. ఒకరోజు పార్కులో పాపని పక్కన పడుకోబెట్టుకుని చవక కాఫీ తాగుతుంటే, మొగుడి సంపాదన తిని తిరుగుతోందని, తల్లుల్ని పురుగుతో పోల్చి ఆఫీసు కుర్రాళ్ళు నవ్వుకుంటారు. ఆ తరవాత ఆమె వేరే ఆడవాళ్ళ గొంతులతో మాట్లాడటం మొదలవుతుంది. పండక్కి అత్తారింట్లో చాకిరీ చేస్తూ వున్నట్టుండి వాళ్ళమ్మ గొంతుతో అత్తగారికి బదులు చెప్తుంది. మన ఊళ్ళలో పూనకాలు చూసినవాళ్ళకి ఆ ఘట్టం వెంటనే అర్థమవుతుంది. తన నోటితో చెప్పలేనిది ఇంకొకరి నోటితో చెప్పడం మన ఆడవాళ్ళకి కొత్త కాదు.

పుస్తకం చివరిదాకా వచ్చాక తెలుస్తుంది, ఈ కథంతా ఆమెకి వైద్యం చేస్తున్న మానసిక వైద్యుడు రాసుకున్నదని. మంచివాడే. తనకంటే తెలివైన తన భార్య పిల్లవాడి కోసం వృత్తి మానుకుందని బాధపడతాడు. జీయంగ్ మీద సానుభూతి వుంది. ఇంతలో అతని ఆస్పత్రిలో పనిచేసే ఆవిడ కానుపు కారణంగా మానేస్తుంది. ఈసారి పెళ్ళికాని అమ్మాయిని తీసుకోవాలి అనుకుంటాడు. అక్కడితో నవల ముగుస్తుంది.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆ మాట నేను అన్నాను.

2018లో నేను పనిచేస్తున్న సంస్థలో ఒక ఫీల్డు కార్యకర్తకి ఆరో నెల వచ్చింది. పల్లెలు తిరగలేకపోతోంది. ప్రాజెక్టుకి గడువు దగ్గరపడింది. అంతకు ముందు ఏడాదే ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి జీతంతో కూడిన సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. ఆ చట్టం అప్పట్లో పదిమంది, అంతకుమించి పనిచేసే చోట్లకి వర్తించేది. మేము ఎనిమిదిమందిమే. మాకు వర్తించదని లెక్క చూసుకుని వూపిరి పీల్చుకున్నాం. ఆ వూపిరి పీల్చుకున్నది స్త్రీల హక్కుల కోసం పనిచేసే మేమే. రెండు నెలల జీతం ఇచ్చి ఆమెని పంపించాం. కొత్త మనిషిని తీసుకునేటప్పుడు, "పెళ్ళికానిదాన్నో, పిల్లలు పెద్దవాళ్ళయినదాన్నో చూద్దాం" అని కమిటీలో అన్నది నేను. ఎవరూ కాదనలేదు. మినిట్స్ పుస్తకంలో ఆ మాట లేదు. నాకు గుర్తుంది.

డబ్బు లేదు, ప్రాజెక్టు నిధులు అలాగే వస్తాయి, నిజమే. ఆ ఇబ్బంది ఈ హాల్లో అందరికీ తెలుసు. కాని మనం ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి వెళ్ళినప్పుడు అతనూ అదే చెప్తాడు. అప్పుడు మనం ఒప్పుకోం.

నవలలు, సీరియళ్ళు చైతన్యం ఇస్తాయా, మత్తు ఇస్తాయా అని మనం ఒకప్పుడు చాలా చర్చలు చేశాం. నాకు ఇప్పుడు అనిపిస్తున్నది చెప్తాను. శిక్షణా తరగతుల్లో నేనెప్పుడూ బాధితురాలి పక్కనే నిలబడి వున్నాను. ఆ కౌంటరు వెనక కూర్చున్నది, కుర్చీలో కూర్చుని మనిషిని ఎంచుకున్నది కూడా నేనేనని నాకు ఏ తరగతిలోనూ తెలియలేదు. ఈ కథలు నన్ను అటువైపు కూర్చోబెట్టాయి. నచ్చాయని చెప్పడానికి ఇదే కారణం. నవ్వించాయి, ఏడిపించాయి, నిద్ర చెడగొట్టాయి, అవి వేరే.

నేను కోరేవి మూడు చిన్న పనులు. ఒకటి, మన కేంద్రాల్లో రిజిస్టర్లో మొదటి గడి మారుద్దాం. 'కొట్టాడా?' అని కాకుండా 'ఇంట్లో ఎలా వుంటోంది, చెప్పమ్మా' అని మొదలుపెడదాం. గృహహింస చట్టంలో చెప్పిన అన్ని రకాల హింసలకీ విడిగా గడులు గీద్దాం. రెండు, ఇక్కడున్న ప్రతి సంస్థా, ఎంత చిన్నదైనా, చట్టం వర్తించినా వర్తించకపోయినా, కానుపు సెలవు గురించి ఒక తీర్మానం రాసుకుని మినిట్స్‌లో పెట్టాలి. నిధులడిగే ప్రతిపాదనలోనే ఆ ఖర్చు చూపించాలి. మూడోది, ప్రతి సమావేశంలోనూ ఒక అరగంట, ఈమధ్య ఎవరేం చదివారు, ఏం చూశారు అన్నదానికి కేటాయిద్దాం. ఎజెండాలో చివరి అంశంగా పెడితే అందరూ బస్సుకి లేచిపోతారు. మొదటి అంశంగా పెట్టండి.

కిమ్ జీయంగ్ పుస్తకం నా సంచిలో వుంది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళండి. చదివి తిరిగివ్వక్కర్లేదు, ఇంకొకరికి ఇవ్వండి. ఇంగ్లీషు రానివాళ్ళు బాధపడొద్దు. భోజనాల తరవాత కూర్చుందాం, నేను కథ చెప్తాను.